పనిచేసే చోటు, నివసించే చోటు, పన్ను చేరే చోటు: పరిశ్రమలూ ప్రాంతీయ సరిహద్దులూ

సభకు నమస్కారం.

దేశాల సరిహద్దులు యుద్ధాలతో, సంధులతో ఏర్పడతాయనీ, దేశం లోపలి రాష్ట్రాల సరిహద్దులు భాషను బట్టో పరిపాలనా సౌలభ్యాన్ని బట్టో ఏర్పడతాయనీ మనం చదువుకున్నాం. అందులో అబద్ధమేమీ లేదు గానీ, ఆ కథలో ఒక ముఖ్య పాత్ర ఎప్పుడూ తెర వెనుకే ఉండిపోతుంది. బొగ్గు ఎక్కడ దొరుకుతుంది, దాన్ని తవ్వే మనిషి ఏ ఊరి నుంచి నడిచి వస్తాడు, ఉక్కు కొలిమికి నీళ్ళు ఏ నది నుంచి తేవాలి, తయారైన సరుకు ఏ రేవు దాటి పోవాలి అన్న ప్రశ్నలు చాలా పటాల మీద గీతను అటో ఇటో జరిపాయి. ఈ రోజు నేను ఆ పాత్ర గురించి మాట్లాడతాను.

దానికి నేను వాడే కొలత ఒక్కటే. ఏ ప్రాంతాన్ని చూసినా మూడు చోట్లు గుర్తించాలి: మనిషి పనిచేసే చోటు, ఆ మనిషి కుటుంబంతో నివసించే చోటు, ఆ పని వల్ల పుట్టిన పన్ను చేరే చోటు. ఈ మూడూ ఒకే సరిహద్దు లోపల ఉంటే ఆ ప్రాంతపు అభివృద్ధి ఒక రకంగా సాగుతుంది, వాటిలో ఏ ఒక్కటి గీతకు అవతల పడినా మరో రకంగా సాగుతుంది. పరిశ్రమ వచ్చిందా రాలేదా అన్న ప్రశ్న కంటే, వచ్చిన పరిశ్రమ ఈ మూడు చోట్లను కలిపిందా విడదీసిందా అన్న ప్రశ్నే పెద్దదని నా అభిప్రాయం.

మొదట, పనిని చూసి గీసిన సరిహద్దు ఒకటుంది, దాని దగ్గర కాసేపు ఆగుదాం. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో కుదిరిన వర్సేల్స్ సంధి ప్రకారం జర్మనీలోని సార్ బొగ్గు గనులు ఫ్రాన్సుకు దక్కాయి. యుద్ధంలో ఉత్తర ఫ్రాన్సు గనులు ధ్వంసమయ్యాయి కాబట్టి ఇది నష్టపరిహారమని చెప్పారు. గనులనైతే ఇచ్చారు గానీ, ఆ గనులున్న నేలను ఎవరు పాలించాలి? ఫ్రాన్సుకు పూర్తిగా అప్పగించడానికి మిత్రదేశాలు ఒప్పుకోలేదు, జర్మనీ చేతిలో ఉంచడానికి ఫ్రాన్సు ఒప్పుకోలేదు, కనుక 15 ఏళ్ళపాటు నానాజాతి సమితి పాలనలో ఉంచి ఆ తరువాత ప్రజల అభిప్రాయం అడగాలని నిర్ణయించారు. అప్పటి జర్మనీలో సార్ అనే పేరుతో పరిపాలనా విభాగం ఏదీ లేదు. ప్రష్యా రైన్ ప్రాంతంలోంచి కొంత, బవేరియా వారి పాలటినేట్ లోంచి కొంత తీసి కొత్తగా ఒక ప్రదేశాన్ని తయారుచేశారు. ఆ ప్రదేశపు అంచులు ఎక్కడ ఉండాలన్నప్పుడు గనుల నోళ్ళను మాత్రమే చూడలేదు, గనుల్లోకీ ఉక్కు కర్మాగారాల్లోకీ వచ్చే కార్మికులు ఏ ఊళ్ళలో ఉంటున్నారో చూసి ఆ ఊళ్ళను లోపలికి చేర్చుకున్నారు. మూడు చోట్లలో మొదటి రెండింటిని కలపాలన్న ఆలోచన అందులో ఉంది. అయినా గీత కొందరిని బయటే వదిలేసింది. జర్మనీలోని తమ ఊళ్ళ నుంచి రోజూ సరిహద్దు దాటి గనికి వచ్చేవారికి అక్కడ ఒక ప్రత్యేకమైన పేరే పుట్టింది, వారి జీతం ఏ నాణెంలో ఇవ్వాలన్నది ఏళ్ళ తరబడి తగాదా అయింది.

1935 జనవరి 13న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 90 శాతం మంది జర్మనీ వైపు ఓటు వేశారు. రెండో యుద్ధం తరువాత సార్ మళ్ళీ ఫ్రాన్సు రక్షణలోకి వెళ్ళింది, 1955లో మళ్ళీ ప్రజలను అడిగారు, 1957 జనవరి 1న అది పశ్చిమ జర్మనీలో ఒక రాష్ట్రంగా చేరింది. ఈ చరిత్రలో నన్ను ఆకర్షించేది ఏమంటే, అక్కడి ఆఖరి బొగ్గు గని 2012లో మూతపడింది గానీ, బొగ్గు కోసం పుట్టిన ఆ ప్రాంతం మాత్రం ఈనాటికీ జర్మనీ రాష్ట్రాలలో ఒకటిగా నిలిచే ఉంది. దానికి సొంత శాసనసభ ఉంది, సొంత విశ్వవిద్యాలయం ఉంది. పరిశ్రమ గీసిన గీత ఆ పరిశ్రమ కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. అందుకే గీత గీసేటప్పుడు ఎవరి పనిని లెక్కలోకి తీసుకున్నామన్నది చిన్న విషయం కాదు.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున ఉన్నది జర్మనీ, పోలండుల మధ్య ఉన్న ఎగువ సైలీసియా. అక్కడ 1921 మార్చి 20న జరిగిన ఓటింగులో సుమారు 60 శాతం జర్మనీకీ 40 శాతం పోలండుకూ పడ్డాయి. మొత్తాన్ని ఒకరికే ఇవ్వలేక ఆ ప్రాంతాన్ని చీల్చారు. చీల్చే గీత బొగ్గు, జింకు, ఉక్కు పరిశ్రమలు కిక్కిరిసిన ముక్కోణపు ప్రాంతం మధ్య నుంచి పోయింది. కటోవిత్సె వైపు పోలండుకు, గ్లైవిట్స్, బోయ్‌తెన్ వైపు జర్మనీకి వెళ్ళాయి. గనుల్లో అధిక భాగం పోలండుకు దక్కింది. ఒకే కంపెనీకి చెందిన గని ఒక దేశంలో, కొలిమి మరో దేశంలో మిగిలాయి. కరెంటు లైన్లు, నీటి గొట్టాలు, చిన్న రైళ్ళు అన్నీ గీత దాటక తప్పని పరిస్థితి వచ్చింది. దాంతో 1922 మే 15న జెనీవాలో ఒక ఒప్పందం కుదిరింది. దానిలో 606 అధికరణలు ఉన్నాయి, గడువు 15 ఏళ్ళు. కార్మికుల రాకపోకలు, సామాజిక బీమా, రైల్వేల నిర్వహణ, కరెంటు, నీటి సరఫరా, అల్పసంఖ్యాకుల బడులు, ఇలా ప్రతిదానికీ అందులో నియమాలు రాశారు. అమలు చూడడానికి ఒక మిశ్రమ సంఘాన్ని వేసి, స్విట్జర్లాండు మాజీ అధ్యక్షుడు ఫెలిక్స్ కలోండర్‌ను దానికి అధ్యక్షుడిని చేశారు. ఒక పారిశ్రామిక ప్రాంతాన్ని రెండుగా కోసిన గీత ఒక్కటి, ఆ కోతను భరించగలిగేలా చేయడానికి ఆరు వందల పైచిలుకు అధికరణలు. పని ఒక ప్రాంతాన్ని ఎంత గట్టిగా అల్లుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి కొలత దొరకలేదు.

ఇక్కడ ఒక మాట కలపాలి. గీత గీసిన నాటికి దాని కింద ఏముందో గీసినవారికి పూర్తిగా తెలియకపోవచ్చు. 1871లో జర్మనీ లొరేన్‌లో కొంత భాగాన్ని ఫ్రాన్సు నుంచి తీసుకున్నప్పుడు అక్కడి ఇనుప ఖనిజం సంగతి వారి మనసులో ఉంది. కానీ ఆ ఖనిజంలో భాస్వరం ఎక్కువ కావడంతో అప్పటి పద్ధతుల్లో దానితో మంచి ఉక్కు తయారయ్యేది కాదు. ఆ దశాబ్దం చివర్లో థామస్, గిల్‌క్రిస్ట్ అనే ఇద్దరు బ్రిటన్‌లో భాస్వరాన్ని తొలగించే పద్ధతి కనిపెట్టారు. దాంతో అంతవరకూ తక్కువ విలువ ఉన్న నేల ఐరోపాలోని గొప్ప ఖనిజ క్షేత్రాల్లో ఒకటైంది, ఫ్రాన్సు చేతిలో మిగిలిన బ్రియే వైపున లోతుల్లో మరింత ఖనిజం బయటపడింది. సరిహద్దు కదలలేదు, దాని విలువ మారింది. లోహాలకు, లిథియం వంటి ఖనిజాలకు కొత్త అవసరాలు పుడుతున్న ఈ రోజుల్లో ఇది పాత కథ అనుకోవడానికి వీల్లేదు.

లొరేన్ ఇనుము, జర్మనీ రూర్ లోయ బొగ్గు, సార్ బొగ్గు ఒకదానికొకటి కావాలి, మధ్యలో మాత్రం దేశాల సరిహద్దు ఉంది. ఈ చిక్కుముడి మీద మూడు తరాలు కొట్టుకున్నాక 1950 మే 9న ఫ్రాన్సు విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ బొగ్గునూ ఉక్కునూ ఒక ఉమ్మడి అధికారం కిందికి తేవాలని ప్రతిపాదించాడు. 1951లో ఆరు దేశాలు పారిస్‌లో సంతకాలు చేశాయి, 1952లో ఆ వ్యవస్థ మొదలైంది. దాని గురించి శాంతి కోణంలో ఎందరో మాట్లాడారు, నేను మళ్ళీ చెప్పను. మన లెక్క ప్రకారం చూస్తే, సరిహద్దును జరపకుండానే పరిశ్రమకు సంబంధించినంతవరకు దాన్ని పలచబరచిన ప్రయత్నం అది. గనులు మూతపడితే కార్మికులకు కొత్త పని నేర్పించడానికి, ఇళ్ళు కట్టడానికి ఆ వ్యవస్థ నుంచే డబ్బు ఇచ్చారు. ఆ డబ్బు ఉత్పత్తి మీద వేసిన పన్ను నుంచి వచ్చింది. అంటే మూడో చోటు, పన్ను చేరే చోటు, మొదటిసారి దేశాల గీతలకు పైన ఏర్పడింది.

ఇప్పుడు మన దేశం లోపలి గీతల దగ్గరికి వద్దాం. ఛోటా నాగపూర్ పీఠభూమి కంటే బోధపరచే ఉదాహరణ నాకు కనబడదు. 1907లో టాటా సంస్థ ఏర్పడి, సాక్చి అనే గ్రామం దగ్గర ఉక్కు కర్మాగారం కట్టి, 1912లో ఉక్కు తీసింది. ఆ చోటునే ఎందుకు ఎంచుకున్నారు? ఖనిజం మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిసాని కొండల నుంచి వస్తుంది, బొగ్గు ఝరియా నుంచి వస్తుంది, సువర్ణరేఖ, ఖర్‌కాయి నదులు కలిసే చోట నీళ్ళున్నాయి, రైలు మార్గం దగ్గరలో ఉంది. ఇవన్నీ వేర్వేరు పాలనల కింద ఉన్న నేలలు. పరిశ్రమ వాటిని ఒక ప్రాంతంగా కుట్టింది.

ఆ కుట్టు తరువాతి రాష్ట్ర సరిహద్దుల మీద చూపిన ప్రభావం చూడండి. 1948 జనవరి 1న సరాయికెలా, ఖర్సావాఁ సంస్థానాలు ఒడిశాలో కలిశాయి. దాన్ని వ్యతిరేకిస్తూ అదే రోజు ఖర్సావాఁలో గుమిగూడిన ఆదివాసులపై పోలీసులు కాల్పులు జరిపారు, ఎందరో చనిపోయారు. అదే ఏడాది మే నెలలో ఆ రెండు సంస్థానాలనూ బిహార్‌కు మార్చారు. ఖర్‌కాయి నదికి ఇవతల జంషెడ్‌పూర్, అవతల సరాయికెలా నేల. ఆ అవతలి ఒడ్డునే ఆ తరువాత ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడ పెరిగింది. 1956లో బిహార్‌లోని మాన్‌భూమ్ జిల్లా నుంచి బెంగాలీ మాట్లాడే పురూలియాను పశ్చిమ బెంగాల్‌కు ఇచ్చారు. భాషే కొలత అనుకుంటే ఆ కొలత అన్నిచోట్లా ఒకేలా వర్తించాలి. కానీ బొగ్గు గనుల ధన్‌బాద్ బిహార్‌లోనే ఉండిపోయింది, దామోదర్ లోయ వైపున్న చాస్, జంషెడ్‌పూర్‌కు చుట్టుపక్కల ఉన్న చాండిల్, ఈచాగఢ్, పటమదా ఠాణాలు కూడా బిహార్‌లోనే మిగిలాయి. నగరానికీ కర్మాగారానికీ కావలసిన నీళ్ళు, ఆనకట్టలు వేరే రాష్ట్రంలోకి పోకూడదన్నది ఆ చర్చల్లో వినిపించిన వాదన. భాషా ప్రయుక్త రాష్ట్రాల గురించి మనం ఇంత మాట్లాడతాం గదా, భాష గీస్తున్న గీతను నీటి గొట్టం పక్కకు జరిపిన ఈ సంగతి మాత్రం ఎక్కువ మందికి తెలియదు.

అదే సమయంలో అక్కడి ఆదివాసీ ఉద్యమం జైపాల్ సింగ్ ముండా నాయకత్వంలో ప్రత్యేక ఝార్ఖండ్ రాష్ట్రాన్ని కోరింది. ఫజల్ అలీ అధ్యక్షతన పనిచేసిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం 1955లో ఆ కోరికను తోసిపుచ్చింది. కారణాలలో ఒకటి ఇది: బిహార్ మైదానాలు వ్యవసాయం మీద ఆధారపడినవి, పీఠభూమి వాటికి పారిశ్రామిక సమతూకం ఇస్తున్నది, విడదీస్తే మొత్తం రాష్ట్రపు ఆర్థిక వ్యవస్థ దెబ్బతింటుంది. ఒక ప్రాంతం ఉండవలసింది మరో ప్రాంతాన్ని తూకంలో నిలబెట్టడానికే అన్నమాట! పనిచేసే చోటు పీఠభూమి, పన్ను చేరే చోటు మైదానంలోని రాజధాని, గనులకూ ఆనకట్టలకూ నేల పోగొట్టుకున్నవారు నివసించే చోటు ఏ లెక్కలోకీ రాని అడవి అంచు. ఆ రాష్ట్రం చివరికి 2000 నవంబర్ 15న ఏర్పడింది.

దీనికి తోడు, 1950లలో కేంద్ర ప్రభుత్వం రవాణా ఛార్జీల సమీకరణ విధానాన్ని తెచ్చింది. ఉక్కు, సిమెంటు వంటి సరుకులు కర్మాగారానికి పక్క ఊళ్ళో కొన్నా, వేల కిలోమీటర్ల దూరంలోని రేవు పట్టణంలో కొన్నా ధర ఒకటే ఉండేలా రవాణా ఖర్చును దేశమంతటా పంచారు. దేశమంతా సమానంగా ఎదగాలన్న ఉద్దేశంలో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఖనిజానికి దగ్గరగా ఉండడమనేది తూర్పు రాష్ట్రాలకు ఉన్న ఒకే ఒక్క సహజమైన ఆధిక్యత, దాన్ని ఈ విధానం ఒక్క కలంపోటుతో తుడిచేసింది. పడమటి ప్రాంతాల పత్తికి మాత్రం అటువంటి సమీకరణ లేదు. ఉక్కును వాడే యంత్ర పరిశ్రమలు ఉక్కు తయారయ్యే చోటుకు రావలసిన అవసరం పోయి, మార్కెట్లూ రేవులూ ఉన్న పడమటి, దక్షిణ ప్రాంతాల్లో పెరిగాయి. 1990ల మొదట్లో ఆ విధానం పోయేనాటికి పరిశ్రమల పటం స్థిరపడిపోయింది. ఈ విధానం ఏ రాష్ట్ర సరిహద్దునూ కదపలేదు. సరిహద్దుకు ఇవతల పని ఆగి, అవతల పని పెరగడానికి మాత్రం కారణాలలో ఒకటైంది. బిహార్ వెనుకబాటుకు ఇదొక్కటే కారణమని చెప్పేవారితో నేను ఏకీభవించను. భూసంబంధాలూ చదువూ పాలనా కూడా అందులో ఉన్నాయి. కానీ దీన్ని పక్కన పెట్టి ఆ చరిత్ర రాయడం కుదరదు.

పన్ను చేరే చోటు విషయంలో ఇటీవల ఒక పెద్ద మలుపు వచ్చింది. గనుల నుంచి రాష్ట్రాలకు వచ్చే రాయల్టీ పన్నేనని సుప్రీంకోర్టు 1989లో చెప్పింది, దాంతో ఖనిజాలపై రాష్ట్రాలు వేరే పన్ను వేయడం కష్టమైంది. 2024 జులై 25న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఎనిమిది, ఒకటి తేడాతో ఆ మాటను మార్చింది. రాయల్టీ పన్ను కాదనీ, ఖనిజ హక్కులపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందనీ తీర్పు ఇచ్చింది. విభేదించిన న్యాయమూర్తి బి.వి. నాగరత్న, రాష్ట్రాలు పోటీపడి పన్నులు వేస్తే ఖనిజాభివృద్ధి దేశమంతటా ఒక తీరున సాగదని భయపడ్డారు. ఆ భయం కొట్టిపారేయదగినది కాదు. అయితే రాష్ట్ర ఖజానాకు చేరిన డబ్బు గని ఉన్న జిల్లాకు, ఆ జిల్లాలో గని దుమ్ము పడే పల్లెకు చేరుతుందని తీర్పు హామీ ఇవ్వలేదు, ఇవ్వజాలదు కూడా. ఆ పని కోసం 2015లో చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధులను ఏర్పాటు చేశారు. అక్కడా గనికి ఎంత దూరం వరకు ఉన్న ఊరు గని ప్రభావిత గ్రామం అన్న గీత గీయక తప్పలేదు.

ఇంతవరకు చెప్పినవాటిలో మూడు చోట్లు విడిపోవడం చాలావరకు చరిత్ర చేసిన గందరగోళం. దక్షిణాఫ్రికాలో దాన్ని తెలిసి తెలిసి ఒక విధానంగా నడిపారు. 1886లో విట్‌వాటర్స్‌రాండ్‌లో బంగారం దొరికిన నాటి నుంచి గనుల యజమానులకు చౌకగా పనిచేసే మనుషులు కావాలి, కానీ వారి కుటుంబాలు, ముసలితనం, జబ్బులు గనుల ఖర్చులోకి రాకూడదు. మొజాంబిక్ నుంచి, ఇప్పటి లెసోతో నుంచి ఒప్పందాల మీద మగవారిని తెచ్చి, కాంపౌండ్లనే మూసిన ఆవరణల్లో ఉంచి, గడువు తీరగానే వెనక్కి పంపేవారు. 1913 భూమి చట్టం నల్లజాతి వారికి దేశంలో సుమారు ఏడు శాతం నేలను మాత్రమే కేటాయించింది. జాతి వివక్ష ప్రభుత్వం అలా కేటాయించిన నేలలనే హోంల్యాండ్లనే ప్రత్యేక ప్రాంతాలుగా మార్చి, 1970 చట్టంతో నల్లజాతి వారిని ఆ హోంల్యాండ్ల పౌరులుగా ప్రకటించింది.

ఈ కథలో అందరికీ తెలియని అంకం సరిహద్దు పరిశ్రమల విధానం. 1960ల నుంచి, హోంల్యాండు గీతకు అవతల, అంటే తెల్లవారి నేల వైపు, గీతను ఆనుకుని కర్మాగారాలు పెట్టేవారికి ప్రభుత్వం రాయితీలు ఇచ్చింది. ప్రిటోరియా దగ్గర రోస్లిన్ అటువంటిదే. ఈస్ట్ లండన్ పరిశ్రమల్లో పనిచేసేవారిని సిస్కై హోంల్యాండ్ లోపల ఉన్న మ్దంత్సానె అనే పట్టణంలో ఉంచారు. కర్మాగారం గీతకు ఇటు, పడక గీతకు అటు. జీతం పుట్టేది ఇటు, బడీ ఆసుపత్రీ నడపవలసిన బాధ్యత అటు. కంపెనీ పన్ను ఇటు, నిరుద్యోగి అటు. పనిచేసే చోటూ పన్ను చేరే చోటూ ఇటు, నివసించే చోటు అటు ఉండేలా గీత పెట్టి, దాన్నే అభివృద్ధి వికేంద్రీకరణ అని పిలిచారు. 1994లో హోంల్యాండ్లు చట్టంలోంచి పోయాయి. కానీ క్వాన్‌డెబెలె వంటి పాత హోంల్యాండ్ ఊళ్ళ నుంచి చీకటి ఉండగానే ప్రిటోరియాకు బయలుదేరే రాయితీ బస్సులు మాత్రం ఆ తరువాతా నడుస్తూనే వచ్చాయి. సరిహద్దు రద్దయినా, అది నిర్ణయించిన దూరం రద్దు కాలేదు.

అమెరికా, మెక్సికోల మధ్య జరిగింది మరో రూపం. యుద్ధకాలంలో 1942లో మొదలైన కూలీల ఒప్పందం 1964లో ముగిసి, పొలాల్లో పనిచేసిన మెక్సికో మగవారు వెనక్కి వచ్చారు. వారికి పని చూపించాలని 1965లో మెక్సికో సరిహద్దు పారిశ్రామికీకరణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. విడిభాగాలు సుంకం లేకుండా లోపలికి వస్తాయి, కూర్పు ఇక్కడ జరుగుతుంది, సరుకు తిరిగి అవతలికి పోతుంది, అక్కడ ఇక్కడి కూర్పుతో పెరిగిన విలువ మీద మాత్రమే సుంకం పడుతుంది. తీరా కర్మాగారాలు వచ్చాక అవి ఎక్కువగా పనిలో పెట్టుకున్నది వెనక్కి వచ్చిన మగవారిని కాదు, యువతులను. సియుదాద్ హువారెజ్, తిహువానా నగరాలు దేశం లోపలి నుంచి వచ్చిన వలసలతో ఉబ్బిపోయాయి, కాలువలూ ఇళ్ళూ ఆ వేగాన్ని అందుకోలేకపోయాయి. ఆ పరిశ్రమకు ముడిసరుకు రెండు దేశాల జీతాల మధ్య ఉన్న తేడా. అది తగ్గిననాడు కర్మాగారం ఇంకొక తేడాను వెతుక్కుంటుంది, అందుచేత అటువంటి అభివృద్ధికి తన పునాదిని తానే తినే లక్షణం ఉంది.

చైనాలో 1980లో షెన్‌జెన్‌ను ప్రత్యేక ఆర్థిక మండలిగా ప్రకటించారు. హాంగ్‌కాంగ్‌తో ఉన్న సరిహద్దు అలాగే ఉండగా, మండలికీ మిగిలిన చైనాకూ మధ్య రెండో గీతగా సుమారు 85 కిలోమీటర్ల కంచె వేశారు. సొంత దేశంలోనే ఒక నగరంలోకి అనుమతి పత్రంతో వెళ్ళాలి. కొన్నేళ్ళకు పరిశ్రమ కంచె దాటి బయటికి విస్తరించింది, గీత దానంతటదే అర్థం కోల్పోయింది, 2018లో అధికారికంగా తొలగించారు. కానీ మనుషుల కాగితాల్లో ఉన్న గీత, పుట్టిన ఊరి నమోదు, అంత త్వరగా చెరగలేదు. కర్మాగారంలో పనిచేసే తల్లిదండ్రులు నగరంలో ఉంటే, బడికి వెళ్ళే పిల్లలు ఊళ్ళో అవ్వాతాతల దగ్గర పెరిగారు. ఇక్కడ సరిహద్దు ఒక కుటుంబం మధ్య నుంచి పోయింది.

ఇన్ని అన్యాయమైన గీతలు చూశాక, న్యాయమైన గీత ఎలా గీయాలన్న ప్రశ్న వస్తుంది. గణాంకవేత్తల దగ్గర ఒక జవాబు ఉంది. బ్రిటన్‌లో జనగణన లెక్కలను తీసుకుని, ఎవరు ఎక్కడుంటూ ఎక్కడ పనిచేస్తున్నారో చూసి పని ప్రయాణ ప్రాంతాలను గుర్తిస్తారు. ఒక ప్రాంతంలో ఉండే పనివారిలో 75 శాతం మంది అక్కడే పనిచేయాలి, అక్కడ పనిచేసేవారిలో 75 శాతం మంది అక్కడే నివసించాలి, పెద్ద ప్రాంతాలకు మాత్రం కొంత సడలింపు ఉంటుంది. 2011 లెక్కల ప్రకారం ఇటువంటివి 228 తేలాయి. ఇది జిల్లా సరిహద్దుల కంటే నిజానికి దగ్గరగా ఉంటుందని నేను నమ్ముతాను. కానీ ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఎక్కువ జీతం ఉన్నవారు దూరం ప్రయాణిస్తారు, తక్కువ జీతం ఉన్నవారు, ఇంటి పని కూడా మోసే స్త్రీలు దగ్గరలోనే పని వెతుక్కుంటారు. కనుక ఒకే నేల మీద పై ఉద్యోగుల లెక్కన చూస్తే కొన్ని పెద్ద ప్రాంతాలు, పారిశుధ్య కార్మికుల లెక్కన చూస్తే ఎన్నో చిన్న ప్రాంతాలు తేలతాయి. సగటు మనిషిని పెట్టుకుని గీసిన ప్రాంతంలో, అవతలి అంచున ఉన్న ఉద్యోగం ఒక పేద స్త్రీకి పటం మీద అందుబాటులో ఉన్నట్టే కనిపిస్తుంది, బస్సు ఛార్జీ లెక్కలో మాత్రం ఉండదు.

మళ్ళీ లొరేన్ వైపు చూసి ముగిస్తాను. ఫ్రాన్సు ఉత్తరపు అంచున లాంగ్‌వి అనే ఉక్కు పట్టణం ఉంది. 1970ల చివర్లో అక్కడి కర్మాగారాల మూసివేతకు వ్యతిరేకంగా పట్టణమంతా వీధుల్లోకి వచ్చింది. ఆ పక్కనే బెల్జియంలో అతూస్, లక్సెంబర్గ్‌లో రొదాంజ్ అదే ఉక్కు మీద బతికిన ఊళ్ళు. 1985లో మూడు దేశాలూ కలిసి ఆ ముక్కోణానికి ఉమ్మడి అభివృద్ధి పథకం వేశాయి. కొన్ని కర్మాగారాలు వచ్చాయి, కానీ ఆ ప్రాంతపు భవిష్యత్తును చివరికి నిర్ణయించింది ఆ పథకం కాదు, లక్సెంబర్గ్ నగరంలో పెరిగిన బ్యాంకులూ సేవల రంగమూ. ఈ రోజు లక్సెంబర్గ్‌లో ఉద్యోగం చేసేవారిలో దాదాపు సగం మంది, రెండు లక్షలకు పైగా, ఫ్రాన్సు, బెల్జియం, జర్మనీల నుంచి రోజూ గీత దాటి వస్తారు. ఉక్కు కార్మికుల పిల్లలు, మనుమలు వారిలో ఉన్నారు. జీతం మీద పన్ను లక్సెంబర్గ్‌కు చేరుతుంది. బడి, రోడ్డు, వృద్ధుల సంరక్షణ ఫ్రాన్సు వైపు పురపాలక సంఘాల మీద పడతాయి. అక్కడి ఆసుపత్రుల్లో శిక్షణ పొందిన నర్సులు ఎక్కువ జీతానికి అవతలికి వెళ్ళిపోతారు, ఇళ్ళ ధరలు ఇవతల పనిచేసేవారికి అందకుండా పెరుగుతాయి.

దీనికి పరిష్కారం లేకపోలేదు. స్విట్జర్లాండులోని జెనీవా రాష్ట్రంలో (కాంటన్‌లో) పనిచేసే లక్షకు పైగా ఫ్రాన్సు నివాసుల విషయంలో, 1973 ఒప్పందం ప్రకారం జెనీవా వారి మొత్తం జీతాల్లో 3.5 శాతాన్ని పక్కనున్న ఫ్రెంచి జిల్లాలకు ఏటా చెల్లిస్తున్నది. బెల్జియం వైపు స్థానిక సంస్థలకు లక్సెంబర్గ్ కూడా కొంత పరిహారం ఇస్తుంది. ఫ్రాన్సు విషయంలో మాత్రం రైలు మార్గాలు, పార్కింగ్ స్థలాల వంటి ఉమ్మడి పనులకు డబ్బు పెడతానంటుంది గానీ నేరుగా పంచడానికి ఒప్పుకోలేదు. రైలు ఎక్కేవాడు లక్సెంబర్గ్‌లో పని చేయడానికి వస్తున్నాడు కాబట్టి రైలుకు డబ్బిస్తుంది, అతని తల్లికి వైద్యం చేసే ఆసుపత్రికి ఇవ్వదు. నాకు జెనీవా పద్ధతే మేలనిపిస్తుంది, ఎందుకంటే డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో నివసించే చోటే నిర్ణయించుకుంటుంది.

కోవిడ్ తరువాత ఈ లెక్క మళ్ళీ కదిలింది. ఇంటి నుంచి పనిచేసే రోజున పనిచేసే చోటూ నివసించే చోటూ ఒకటే అవుతాయి, గీత దాటేది ఉద్యోగి కాదు, అతను పంపే ఫైలు. అప్పుడు పన్ను ఎవరిది? లక్సెంబర్గ్ తన ముగ్గురు పొరుగువారితోనూ వేర్వేరుగా మాట్లాడి, ఏడాదికి 34 రోజుల వరకు ఇంటి నుంచి పనిచేసినా పన్ను తనకే చేరేలా ఒప్పందాలు చేసుకుంది. 35వ రోజు కూడా ఇంట్లో కూర్చుని పనిచేస్తే, ఇంట్లో చేసిన ఆ రోజుల జీతం మీద పన్ను అతను నివసించే దేశానిది. సామాజిక బీమాకు 2023 జులై నుంచి వేరే కొలత ఉంది, అక్కడ సగం పని సమయం లోపు ఇంట్లో చేసినా యజమాని దేశపు బీమాయే వర్తించేలా చాలా ఐరోపా దేశాలు ఒప్పుకున్నాయి. ఒకే మనిషి, ఒకే కుర్చీ, ఒకే పని. పన్నుకు ఒక దేశం, బీమాకు మరో దేశం. ఉద్యోగ సంఘాలు ఆ 34 రోజులను పెంచమని అడుగుతున్నాయి, పెంచితే లాంగ్‌వి వంటి పట్టణాల వాటా సంగతేమిటని ఫ్రాన్సు వైపు మేయర్లు అడుగుతున్నారు. ఆ బేరం ఇంకా సాగుతూనే ఉంది.

మీరు ఓపికగా విన్నందుకు ధన్యవాదాలు. ప్రశ్నలుంటే తీసుకుంటాను.